ఒక స్కోరరు చదువుకున్న బేస్‌బాల్

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి ముందుగదిలో ఒక చెక్క బీరువా ఉంది. దాని కింది రెండు అరల నిండా స్కోరు పుస్తకాలే. ముప్ఫై ఏళ్లకు పైగా ఆదివారాలూ సెలవు రోజులూ బందరు రోడ్డు మీది ఇందిరా గాంధీ స్టేడియంలోనో, గుంటూరులోని బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో, ఏదో ఒక కాలేజీ మైదానంలోనో షామియానా కింద బల్ల వేసుకుని కూర్చుని క్లబ్బు మ్యాచ్‌లకు స్కోరు రాశాను. ఉద్యోగం బడిలో లెక్కలు చెప్పడం. మనసు మాత్రం ఎప్పుడూ ఆ గళ్ల కాగితం మీదే ఉండేది. అరలో కుడిపక్క చివరన ఉన్న మూడు పుస్తకాలు క్రికెట్‌వి కావు, బేస్‌బాల్‌వి. వాటిలో మైదానంలో కూర్చుని రాసిన మ్యాచ్‌లు రెండే రెండు. తక్కినవన్నీ పాత మ్యాచ్‌ల రికార్డింగులు చూసి, పత్రికల్లో అచ్చయిన స్కోరు పట్టికలు చదివి, రాత్రిళ్లు భోజనాల బల్ల మీద నేను తిరిగి రాసుకున్నవి. బేస్‌బాల్ చరిత్రలోని గొప్ప ఘట్టాలు స్కోరు కాగితం మీద ఎలా కనిపిస్తాయో, ఆ కాగితం దేన్ని దాచిపెడుతుందో, దేన్ని జారవిడుస్తుందో తెలుగులో ఎవరైనా చెప్పగా నేను చదవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది 2014 వేసవిలో మొదలైంది. మా అమ్మాయి వాళ్లు అప్పుడు మిషిగన్ రాష్ట్రంలో ఉండేవారు. మేము వెళ్లిన రెండో వారంలో మా అల్లుడు, "మామయ్యగారూ, రేపు డెట్రాయిట్‌లో బేస్‌బాల్ మ్యాచ్ ఉంది, వెళ్దామా? అక్కడ కూడా స్కోరు రాసేవాళ్లు ఉంటారు, మీకు నచ్చుతుంది" అన్నాడు. కొమెరికా పార్క్ అనే ఆ మైదానంలో నా పక్క కుర్చీలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఒడిలో గళ్ల పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి గడిలోనూ చిన్న వజ్రాకారపు బొమ్మ అచ్చువేసి ఉంది. మైదానం నాలుగు మూలల్లో ఉండే బేస్‌లలో బ్యాటర్ ఒకటి చేరగానే ఆ బొమ్మకు ఒక పక్క గీత దిద్దేవారు. నాలుగు పక్కలూ తిరిగి వచ్చి పరుగు పూర్తిచేస్తే బొమ్మ మొత్తాన్ని పెన్సిలుతో నల్లగా నింపేవారు. నేను మెడ చాచి చూడటం గమనించి, ఏమీ అనకుండా పుస్తకాన్ని ఇద్దరికీ మధ్యనున్న కుర్చీ చేతి మీదకు జరిపారు. కొట్టదగిన బంతిని వదిలేసినా, ఊపి తప్పిపోయినా స్ట్రైక్ అంటారు, మూడైతే అవుట్. కాసేపటికి ఒక బ్యాటర్ బ్యాటు కదపకుండా మూడో స్ట్రైక్‌ను చూస్తూ నిలబడిపోయి అవుటయ్యాడు. ఆయన గడిలో ఇంగ్లిష్ కె అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాశారు. బ్యాటు ఊపి తప్పిపోతే మామూలు కె, ఊపకుండా చూస్తూ ఉండిపోతే తిరగేసిన కె. ఒక మనిషి ఎలా ఓడిపోయాడో ఒక్క అక్షరం తిప్పి చెప్పగల లిపి అది. ఆ క్షణానే నేను ఆ ఆటకు వశమైపోయాను.

మైదానంలోని తొమ్మిదిమందికీ ఆ లిపిలో అంకెలుంటాయి. బంతి విసిరే పిచర్ 1, వికెట్ కీపర్‌లాగా వెనుక కూర్చునే క్యాచర్ 2, మొదటి బేస్ దగ్గర ఉండేవాడు 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండుకీ మూడుకీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, దూరాన ఉండే ముగ్గురూ వరుసగా 7, 8, 9. కనుక 5-3 అని రాస్తే మూడో బేస్ ఫీల్డర్ బంతిని ఆపి మొదటి బేస్‌కు విసిరి అవుట్ చేశాడని అర్థం. 6-4-3 అంటే షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్‌కూ, అక్కడి నుంచి మొదటి బేస్‌కూ బంతి వెళ్లి ఒకే దెబ్బకు ఇద్దరు అవుటయ్యారని. ఈ పద్ధతికి ఆద్యుడైన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వచ్చినవాడు, అక్కడి పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడు. క్రికెట్ స్కోరు పట్టిక చూసిన కళ్లతోనే ఆయన 1859లో బేస్‌బాల్‌కూ ఒక పట్టిక తయారుచేశాడు. స్ట్రక్ అనే మాటలో చివరి అక్షరమని కెని ఎంచుకున్నదీ ఆయనే. మొదటి అక్షరాన్ని అప్పటికే ఇంకో పనికి వాడేశాడు. అంటే డెట్రాయిట్‌లో ఆ పెద్దాయన ఒడిలో నేను చూసిన పుస్తకానికీ మా బీరువాలోని పుస్తకాలకూ పుట్టిల్లు ఒకటే.

ఇండియాకు తిరిగి వచ్చాక నేను మొట్టమొదట రాసుకున్న పుట 1941 జూలై 17 నాటిది. న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆటగాడు జో డిమాజియో ఆ ఏడాది మే 15 నుంచి ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ కనీసం ఒక్క హిట్ అయినా (ఫీల్డర్ తప్పిదం లేకుండా బేస్ చేర్చే దెబ్బ) కొడుతూ 56 మ్యాచ్‌లు పూర్తిచేశాడు. ఆ రాత్రి క్లీవ్‌లాండ్‌లో 67 వేలమందికి పైగా జనం చూస్తుండగా ఆ వరుస తెగింది. డిమాజియో పేరుకు ఎదురుగా ఉన్న నాలుగు గడులు ఇలా ఉంటాయి: 5-3, తరువాత నాలుగు చెడ్డ బంతులకు దక్కే ఉచిత బేస్, మళ్లీ 5-3, చివరగా 6-4-3. ఆ రెండు 5-3లలోని 5 పేరు కెన్ కెల్ట్‌నర్. మూడో బేస్ గీత వెంట దూసుకుపోతున్న బంతిని రెండుసార్లూ వెనుకచేత్తో ఆపి, గీత అవతల నుంచి మొదటి బేస్‌కు విసిరాడు. కాగితం మీద అది మామూలు 5-3. అలాంటి అంకెలు ఏ మ్యాచ్‌లో చూసినా అరడజను కనిపిస్తాయి. బంతి ఒక్క అంగుళం అటు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఏ గడీ చెప్పదు. ఆ తరువాత ఇన్ని దశాబ్దాల్లో 1978లో పీట్ రోజ్ 44 వరకు వెళ్లడమే గొప్ప. అంతకు మించి ఎవరూ పోలేదు. నాకు ఇంకా ఇష్టమైనది మరుసటి రోజు సంగతి. డిమాజియో మళ్లీ మొదలుపెట్టి, వరుసగా మరో 16 మ్యాచ్‌ల్లో హిట్లు కొట్టాడు.

అదే ఏడాది సెప్టెంబరు 28న బోస్టన్ జట్టు ఆటగాడు టెడ్ విలియమ్స్ సీజన్ చివరి రోజు ఆటకు వచ్చేసరికి అతని సగటు (ప్రయత్నాల్లో హిట్ల వంతు) .39955. దాన్ని దగ్గరి అంకెకు సవరిస్తే .400 అవుతుంది, కూర్చుండిపోతే ఆ ఘనత దక్కుతుంది. మేనేజరు విశ్రాంతి తీసుకోమన్నా ఒప్పుకోక ఆ రోజున్న రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 ప్రయత్నాల్లో 6 హిట్లు కొట్టి .406తో ముగించాడు. ఆ తరువాత అమెరికన్, నేషనల్ అనే రెండు ప్రధాన లీగుల్లో ఏ బ్యాటరూ .400 చేరలేదు. లెక్కల మాస్టారుగా చెబుతున్నాను, దశాంశాన్ని సవరించి వచ్చే మార్కులు వద్దన్న విద్యార్థి నాకు ఇతనొక్కడే కనిపించాడు.

డిమాజియో వరుస సాగుతున్న రోజుల్లోనే, 1941 జూన్ 2న, అతని పాత సహచరుడు లూ గెరిగ్ కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 37. గెరిగ్ 1925 జూన్ 1న ఒక ఆటగాడికి బదులు బ్యాటింగుకు వచ్చాడు, మరునాడు మొదటి బేస్‌లో నిలబడ్డాడు, ఆపై 14 ఏళ్లపాటు ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. వరుసగా 2,130. 1939 మొదట్లో అతని చేతుల్లో పట్టు సడలింది. 8 మ్యాచ్‌ల్లో నాలుగే హిట్లు. మే 2న, ఇదే డెట్రాయిట్ నగరంలో, నన్ను ఆడించవద్దని తానే మేనేజరుతో చెప్పాడు. జట్టుకు కెప్టెన్ కనుక ఆటగాళ్ల పేర్లున్న పట్టికను అంపైర్ల దగ్గరకు తీసుకుపోయి ఇచ్చే పని కూడా అతనిదే. తన పేరు లేని కాగితాన్ని తన చేత్తోనే తీసుకువెళ్లి ఇచ్చాడు. కండరాలను నిర్వీర్యం చేసే ఏఎల్ఎస్ వ్యాధి అని ఆ తరువాత తేలింది. జూలై 4న యాంకీ స్టేడియంలో రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో మైకు ముందు నిలబడి, ఈ భూమ్మీద నా అంత అదృష్టవంతుడు లేడని అన్న అతని మాటలు ప్రపంచానికంతా తెలుసు. నాకు మాత్రం ఆ ప్రసంగం కంటే మే 2 నాటి ఆ నడకే ఎక్కువగా గుర్తుంటుంది. ఆ పట్టికను అందుకునే బల్ల దగ్గర నేను ముప్ఫై ఏళ్లు కూర్చున్నాను. పేరు లేదని తెలిసిన కుర్రాడి ముఖం ఎలా ఉంటుందో చూశాను. ఆ పేరును కొట్టివేసింది తన చేతులే అయినప్పుడు అడుగు ఎలా పడుతుందో ఊహించుకోవడం కూడా కష్టం.

గెరిగ్ 2,130ని ఎవరూ దాటలేరనుకున్నారు. 1995 సెప్టెంబరు 6న బాల్టిమోర్‌లో ఆ ఊరి జట్టు ఆటగాడు కాల్ రిప్కెన్ దాటాడు. అయిదో ఇన్నింగ్స్ మధ్యలో మ్యాచ్ లెక్కలోకి వచ్చిన క్షణాన మైదానం వెనుకనున్న ఎర్ర ఇటుకల గిడ్డంగి గోడ మీద 2,131 అన్న అంకె వెలిసింది. ఇరవై రెండు నిమిషాలు ఆట ఆగింది. అంతకు ముందు ఏడాది ఆటగాళ్ల సమ్మెతో ఏటా విజేతను తేల్చే వరల్డ్ సిరీసే రద్దయి జనం ఆటకు దూరమయ్యారు. ప్రతిరోజూ పనికి వచ్చిన ఒక మనిషి ఆ జనాన్ని తిరిగి రప్పించాడు.

నా పుస్తకాల్లో అతి మామూలుగా కనిపించే పుట 1947 ఏప్రిల్ 15 నాటిది. బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్, డాడ్జర్స్ జట్టు, మొదటి బేస్‌లో 42వ నంబరు చొక్కా. జాకీ రాబిన్సన్ ఆ రోజు మూడు ప్రయత్నాల్లో ఒక్క హిట్ కూడా కొట్టలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో బంతిని మెల్లగా నేలకు తాకించి పరుగెత్తగా, అవతలివాళ్ల విసురు తప్పడంతో బేస్ చేరాడు. తరువాతి దెబ్బకు, బ్యాటర్ బయలుదేరే ఇంటి బేస్‌కు తిరిగి చేరి ఒక పరుగు చేశాడు. డాడ్జర్స్ 5-3తో గెలిచారు. ఈ పుటను ఏ స్కోరరుకు చూపించినా విశేషమేమీ లేదంటాడు. కానీ నల్లజాతి ఆటగాడిని ప్రధాన లీగుల్లోకి రానివ్వకుండా ఆరు దశాబ్దాలుగా కట్టిన గోడ ఆ మధ్యాహ్నం కూలింది. ప్రేక్షకుల తిట్లూ, ప్రత్యర్థుల బూట్ల మేకులూ, బెదిరింపు ఉత్తరాలూ ఏ గడిలోనూ పట్టవు. అతన్ని తెచ్చిన బ్రాంచ్ రికీ అడిగినది ఒక్కటే, తిరిగి కొట్టకుండా నిలబడగల ధైర్యం. రాబిన్సన్ నిలబడ్డాడు, ఆ ఏడాది ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు. 1997లో 42వ నంబరును అన్ని జట్లలోనూ ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న మాత్రం ప్రతి జట్టులో ప్రతి ఆటగాడూ 42వ నంబరే వేసుకుంటాడు. ఆ రోజు మ్యాచ్ చూస్తూ స్కోరు రాయాలంటే నంబర్లను బట్టి ఎవరెవరో పోల్చుకోవడం కుదరదు. స్కోరరుకు అంతకు మించిన ఇబ్బంది లేదు, ఆ ఒక్క రోజు ఆ ఇబ్బందే నాకు ఇష్టం.

రాబిన్సన్ గురించి రాసినప్పుడల్లా జోష్ గిబ్సన్ గుర్తుకు రాక మానడు. నల్లజాతివారి లీగుల్లో ఆడిన ఈ క్యాచర్ 1947 జనవరిలో, రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే మరణించాడు. ఆ లీగుల లెక్కలను దశాబ్దాలపాటు ప్రధాన లీగుల రికార్డుల్లో కలపలేదు. కానీ నల్లజాతివారి పత్రికలు ఆ మ్యాచ్‌ల స్కోరు పట్టికలను అచ్చువేస్తూ వచ్చాయి. పరిశోధకులు ఏళ్ల తరబడి గ్రంథాలయాల్లో ఆ పాత సంచికలు తిరగేసి, ఒక్కో పట్టికనూ ఏరి, కూడి, సరిచూశారు. 2024 మేలో ఆ లెక్కలు ప్రధాన లీగుల రికార్డుల్లో చేరాయి. జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ పేరున ఉన్న .367ను దాటి గిబ్సన్ .372తో మొదటి స్థానానికి వచ్చాడు. చనిపోయిన 77 ఏళ్లకు! ఆ వార్త చదివిన ఉదయం నేను బీరువా తెరిచి, చెదలు పట్టకుండా వేపాకు పెట్టిన పాత పుస్తకాలను ఒకసారి బయటకు తీసి ఎండలో పెట్టాను. అప్పుడెప్పుడో ఒక చిన్న పత్రికలో స్కోరు పట్టిక కుదురుగా కూర్చిన మనిషికి, అది ఇంత పని చేస్తుందని తెలిసి ఉండదు.

అట్లాంటా జట్టు ఆటగాడు హ్యాంక్ ఆరన్ పుటను నేను రికార్డింగు చూసి రాశాను. బేబ్ రూత్ 714 హోమ్ రన్లతో (సాధారణంగా బంతిని గోడ అవతలకు పంపే దెబ్బలు) 1935లో ఆట విరమించాడు. ఆరన్ 1973 ముగిసేసరికి 713 దగ్గర ఆగాడు. ఒక నల్లజాతి మనిషి రూత్‌ను దాటడం భరించలేనివాళ్లు చలికాలమంతా చంపుతామని ఉత్తరాలు రాశారు. అంగరక్షకుడు లేకుండా అతను బయట అడుగు పెట్టలేని పరిస్థితి. 1974 ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటాలో, నాలుగో ఇన్నింగ్స్‌లో, ప్రత్యర్థి పిచర్ అల్ డౌనింగ్ విసిరిన బంతిని ఎడమవైపు గోడ అవతలకు పంపాడు. 714 అప్పటికే అయింది, ఇది 715. ఇద్దరు కుర్రాళ్లు జనంలోంచి దూకి అతని పక్కన పరుగెత్తి భుజం తట్టారు. ఆ బెదిరింపుల మధ్య వెనుక నుంచి వచ్చిన ఆ చేతులు ఎవరివో ఏమో అని ఆరన్ కుటుంబానికి గుండె ఆగినంత పనై ఉంటుంది. ఇంటి బేస్ చేరగానే తల్లి అతన్ని గట్టిగా వాటేసుకుంది. గడిలో మాత్రం వజ్రం నిండుగా నల్లబడుతుంది, అంతే.

గోడ అవతల ఆ బంతి పడింది అట్లాంటా జట్టు పిచర్లు తమ వంతు కోసం వేచి ఉండే ఆవరణలో. దాన్ని పట్టుకున్న యువ పిచర్ పేరు టామ్ హౌస్. బంతిని పట్టుకుని పరుగున వచ్చి ఆరన్ చేతిలో పెట్టాడు. ఈ పేరును గుర్తుంచుకోండి, ఎందుకంటే 34 ఏళ్ల తరువాత ఆయన మన వాళ్ల కథలోకి వస్తాడు. 2008లో ఇండియాలో బంతి వేగంగా విసిరేవాళ్ల కోసం మిలియన్ డాలర్ ఆర్మ్ అనే పోటీ పెట్టారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఈటె విసిరే క్రీడాకారులు, బేస్‌బాల్ ఎన్నడూ ఆడనివారు. పోటీలో నెగ్గి అమెరికా వెళ్లినప్పుడు వాళ్లకు పిచింగ్ నేర్పిన గురువు ఈ టామ్ హౌసే. ఆ ఏడాది చివర పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. 2009లో కింది స్థాయి లీగులో బరిలోకి దిగారు. ప్రధాన లీగు దాకా వాళ్లు వెళ్లలేకపోయారు. అయినా అమెరికా వృత్తి బేస్‌బాల్ స్కోరు కాగితాల్లో 1 అన్న అంకె పక్కన మన దేశపు పేర్లు ఎక్కడం నాకు చిన్న విషయంగా తోచదు.

పైరేట్స్ అనగానే నా మనసు రాబెర్టో క్లెమెంటే దగ్గరకు పోతుంది. క్రికెట్ స్కోరరుకు అధికారమేమీ లేదు. అంపైరు చూపిన సైగనే రాస్తాడు. బేస్‌బాల్ అధికారిక స్కోరరు అలా కాదు. బ్యాటర్ బేస్ చేరినప్పుడు అది అతని ప్రతిభ వల్ల వచ్చిన హిట్టా, ఫీల్డర్ చేసిన తప్పిదమా అని తీర్పు చెప్పేది ఆయనే. 1972 సెప్టెంబరు 29న క్లెమెంటే 2,999 హిట్ల దగ్గర ఉన్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లో అతను కొట్టిన బంతి నేల మీద ఎగిరి రెండో బేస్ ఫీల్డర్ చేతికి తగిలి జారింది. బోర్డు మీద ముందు హిట్ అని వెలిగింది. జనం లేచి నిలబడ్డారు. అంతలోనే అది మారి తప్పిదమని పడింది. క్లెమెంటే చాలా నొచ్చుకున్నాడు. మరునాడు న్యూయార్క్ మెట్స్ పిచర్ జాన్ మాట్లాక్ బంతిని సందేహానికి తావు లేకుండా గోడ దాకా కొట్టి రెండో బేస్ మీద నిలిచాడు. సరిగ్గా 3,000. ఆ సీజన్ లెక్కలో అదే అతని చివరి హిట్ అయింది. డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం సామగ్రి తీసుకుపోతున్న విమానం ప్యూర్టోరికో తీరాన సముద్రంలో కూలి అతను మరణించాడు. కాబట్టి ఆ అంకె ఎప్పటికీ 3,000గానే ఉంటుంది. ముందు రోజు స్కోరరు హిట్ అనే ఉంచి ఉంటే 3,001 అయ్యేదని లెక్కించేవారున్నారు. నేను ఆ లెక్క చేయను. బంతి చేతికి తగిలిందని తాను చూసింది ఆయన రాశాడు. అంత జనం లేచి నిలబడి ఉన్నా రాశాడు.

ఇక చివరి పుట. ఒక పిచర్ 27 మంది బ్యాటర్లను, ఒక్కరిని కూడా మొదటి బేస్ చేరనివ్వకుండా, వరుసగా అవుట్ చేస్తే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. లక్షలాది మ్యాచ్‌ల చరిత్రలో అధికారికంగా 24 మాత్రమే ఉన్నాయి. 1956 అక్టోబరు 8న వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ వేసినది వాటిలో తలమానికం. రెండో ఇన్నింగ్స్‌లో రాబిన్సన్ కొట్టిన బంతి మూడో బేస్ ఫీల్డర్ చేతికి తగిలి షార్ట్‌స్టాప్ వైపు పోగా అతను దాన్ని అందుకుని విసిరితే 5-6-3, చివరి గడిలో తిరగేసిన కె. తొమ్మిది నిలువు వరుసలు, వరుసకు మూడేసి గడులు, ఎక్కడా వజ్రం మీద ఒక్క గీత లేదు. అంత తెల్లటి పుట ఇంకొకటి నా దగ్గర లేదు.

ఉండాల్సింది. 2010 జూన్ 2న కొమెరికా పార్క్‌లో, నేను ఆ పెద్దాయన పక్కన కూర్చున్న ఆ మైదానంలోనే, డెట్రాయిట్ టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగా క్లీవ్‌లాండ్ జట్టులో 26 మందిని వరుసగా అవుట్ చేశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లో ఆస్టిన్ జాక్సన్ వీపు తిప్పి పరుగెత్తి భుజం మీదుగా పట్టిన క్యాచ్‌తో అంతా ఖాయమనుకున్నారు. 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతిని మొదటి బేస్ ఫీల్డర్ మిగెల్ కబ్రేరా ఆపి, మొదటి బేస్ దగ్గరకు పరుగెత్తి వచ్చిన గలరాగాకు విసిరాడు. 3-1. బంతి ముందు వచ్చింది, బ్యాటర్ తరువాత వచ్చాడు. అంపైర్ జిమ్ జాయిస్ చేతులు రెండు పక్కలకూ చాచి, అవుట్ కాదన్నాడు. గలరాగా అరవలేదు, ఒక చిన్న నవ్వు నవ్వి, తిరిగి బంతి విసిరే మట్టి గట్టు మీదకు వెళ్లి, తరువాతి బ్యాటర్‌ను 5-3తో అవుట్ చేశాడు. ఆట ముగిశాక వీడియో చూసిన జాయిస్ తన తప్పు తెలుసుకుని, ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్‌ను నేనే పోగొట్టానని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. గలరాగాను కలిసి కన్నీళ్లతో క్షమాపణ చెప్పాడు. మరునాడు మధ్యాహ్నం ఇంటి బేస్ దగ్గర నిలబడవలసిన అంపైరు ఆయనే. ఆటగాళ్ల పట్టికను తీసుకువెళ్లి ఆయనకు ఇచ్చింది గలరాగా. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ ఆ కాగితం అందుకుని, అతని భుజం మీద చెయ్యి వేశాడు. గెరిగ్ తన పేరు లేని కాగితం ఇచ్చిన నగరంలోనే, 71 ఏళ్ల తరువాత, ఇంకో కాగితం.

తీర్పును మార్చమని చాలామంది కోరారు. ప్రధాన లీగుల అధిపతి అయిన కమిషనర్ మార్చలేదు. 2014 నుంచి వీడియో సమీక్ష విస్తృతంగా వచ్చింది కాబట్టి ఇప్పుడైతే ఆ తప్పు ఒక నిమిషంలో సరిదిద్దబడేది. అధికారిక పుస్తకంలో ఆ మ్యాచ్ ఇవాళ్టికీ ఒక్క హిట్ మ్యాచే. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. జరిగిన ఆటలో 28వ బ్యాటర్ నిజంగా బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు, అతన్ని గలరాగా నిజంగా అవుట్ చేశాడు. పుటను దిద్దితే ఆ గడిని చెరిపేయాలి. గలరాగా నిబ్బరమంతా ఆ గడిలోనే ఉంది.

ఈ మాట రాయడానికి నాకు హక్కు ఉందో లేదో చెప్పాలంటే ఒక సంగతి చెప్పాలి. 1998లో విజయవాడలో జరిగిన ఒక లీగ్ మ్యాచ్‌లో ఒక అబ్బాయి సాయంత్రం పొద్దువాలాక నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, నాది యాభై కదా?" అని అడిగాడు. పుస్తకంలో 49 ఉంది. "మొత్తం కలిసింది బాబూ" అని చూపించాను. నిజంగానే బ్యాటర్ల పరుగులూ బౌలర్ల లెక్కా సరిపోయాయి. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఒక ఓవర్‌ను బంతి బంతీ లెక్కపెట్టి చూస్తే, నాలుగో బంతికి వచ్చిన ఒక పరుగును నేను అవతలి బ్యాటర్ పేరున వేశానని తేలింది. ఆ బంతి ఆడే వంతు ఈ అబ్బాయిది. అప్పటికే కెప్టెన్లూ అంపైర్లూ సంతకాలు చేసి ఉన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. జాయిస్ ఒక్క రాత్రి కూడా ఆగకుండా చెప్పిన మాటను నేను పదహారేళ్లు దాచుకున్నాను.

డెట్రాయిట్ నుంచి వచ్చిన ఏడాదే ఆ అబ్బాయి ఎక్కడున్నాడో కనుక్కున్నాను. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నాడు. పుటలో 49ని కదపలేదు. అంచున పెన్సిలుతో జరిగిన పొరపాటును ఒక్క వాక్యంలో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆ పుస్తకమూ, నా బేస్‌బాల్ పుస్తకమూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. బస్తాల మధ్య, ఘాటుకు కళ్లు మండుతుండగా, నేను చెప్పవలసింది చెప్పాను. నెత్తి మీద జుట్టు పలచబడిన ఆ మనిషి పుస్తకాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, ఎర్రటి మిరప దుమ్ము అంటిన వేలితో ఓవర్ల గళ్లు దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆపాడు. "ఇదే సార్. నాలుగో బంతి. ఫైన్ లెగ్ వైపు నెట్టి పరుగెత్తాను" అన్నాడు.

కాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. తరువాత అతను రెండో పుస్తకం అందుకుని తెరిచాడు. ఆ వజ్రాల బొమ్మలేమిటో, ఆ అంకెలేమిటో తెలియకపోయినా, స్కోరు కాగితం చూడటం అలవాటైన కళ్లు కదా, గలరాగా పుట దగ్గర ఆగిపోయాడు. "అన్ని వరుసల్లో మూడేసి గళ్లే నిండాయి. చివరి వరుసలో మాత్రం నాలుగున్నాయేంటి సార్?" అని అడిగాడు.

నేను పక్కనున్న మిర్చి బస్తా మీద కూర్చుని, మొదటి ఇన్నింగ్స్ నుంచి చెప్పడం మొదలుపెట్టాను.